నిశ్చల పరిమితి ఆరు

రోజు 71

చల్లగది ఉష్ణోగ్రత పంతొమ్మిది. నిన్న పద్దెనిమిది. రెండో కూలర్ మోత మారింది. ఇంతకుముందు ఒకే తీరుగా మోగేది, ఇప్పుడు మధ్యమధ్య ఆగి మళ్లీ అందుకుంటోంది.

గౌసియా మేడం పిలిచి విషయం చెప్పింది. నూట ఇరవయ్యో రోజున ఆ కూలర్ ఆపేస్తారు. దాని వైపున్న డిస్కులన్నీ ఖాళీ చేయాలి. మూడో అంతస్తులో మూడు వందల నలభై ఇళ్లు. ఒక్కో ఇంటి వీడియోలకూ ఇప్పటిదాకా నలభై జీబీ జాగా ఉండేది. ఇకమీదట పన్నెండు.

"మనుషులు ఒప్పుకోరు మేడం" అన్నాను.

"ఒప్పుకోరు. అందుకే సదువుకున్న పిల్లను పెట్టినాం" అంది.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. మా అమ్మ ఓబులమ్మకు సంతకం కూడా రాదు. ఈ పని దొరికిన రోజున తను వరసలో ఉన్న ఇళ్లన్నిటికీ తిరిగి చెప్పి వచ్చింది. అందుకని ఏ పని ఇచ్చినా నేను వెంటనే సరే అంటాను.

సరే అన్నాను.

రోజు 74

ఇవాళ్టి నుంచి ఒక్కో ఇంటివాళ్లను పిలిచి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో అడుగుతున్నాను. మొదట తిమ్మక్క పెద్దమ్మ వచ్చింది. మా వరసలోనే ఉంటుంది. పుట్టగొడుగుల మడుల్లో పని. కొడుకు కంబగిరి అన్నను వెంట తెచ్చుకుంది. వాళ్లింటి పెద్ద ఫైలు ఆయన పెళ్లి వీడియోనే, పద్నాలుగు జీబీ.

"మా తోడికోడలు ఉండే చోటంతా కత్తిరించు పాపా. ఎంత జాగా మిగుల్తాది?" అంది పెద్దమ్మ.

లెక్క వేసి చూపించాను. "అర జీబీ."

"అంత లావు మనిషికి అర జీబీయేనా! సరిగ్గా తూకమెయ్యి!"

కంబగిరి అన్న నవ్వాపుకోలేక బయటికి వెళ్లి నిలబడ్డాడు. చివరికి ఆమె ఏదీ తీసేయనివ్వలేదు. తోడికోడలిని కూడా. "ఉండనీలే, వచ్చే ఏడు మళ్లీ తిట్టుకునేదానికి" అంది.

ఒక ఇల్లు పూర్తి కాలేదు. మూడు వందల ముప్పై తొమ్మిది ఇళ్లు అసలు మొదలుకాలేదు.

రోజు 79

ఇవాళ ఒకాయన ఇద్దరు బిడ్డల మొదటి నడకల మధ్య ఎంచుకోవలసి వచ్చింది. రెండు వీడియోలూ ముందు పెట్టుకుని ఏడ్చాడు. నేను గడియారం చూశాను. ఆ ఒక్క ఎంపికకే నలభై నిమిషాలు పట్టింది. ఈ లెక్కన నూట ఇరవయ్యో రోజుకు పని సగం కూడా కాదు.

ఆయన వెళ్లాక వీడియోలను కుదించే కొత్త ఫార్మాట్ పుస్తకం తీసి మొదటి నుంచి చదివాను. ఇందులో ఒక పద్ధతి ఉంది. బొమ్మలో కదిలేదాన్ని మాత్రమే ప్రతి ఫ్రేములోనూ దాస్తుంది. కదలనిదాన్ని ఒకసారి దాచుకుని, వీడియో అయిపోయేదాకా అదే చూపిస్తుంది. గోడను వెయ్యిసార్లు దాచడం దండగ కదా. ఎంత చిన్న కదలికను లెక్కలోకి తీసుకోకుండా వదిలేయాలో చెప్పడానికి ఒక అంకె ఉంది. దాని పేరు నిశ్చల పరిమితి. మామూలుగా రెండు ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఫైలు చిన్నదవుతుంది.

మూడు పెట్టి చూశాను. నాలుగు. అయిదు. ఆరు దగ్గర తిమ్మక్క పెద్దమ్మ ఇంటి నలభై జీబీ పదకొండున్నరకు వచ్చింది. దేన్నీ కత్తిరించకుండానే. పెళ్లి వీడియో మొత్తం చూశాను. డాన్సులు, బంతి భోజనాలు, పప్పు గరిటెలు, తోడికోడలు, అన్నీ ఉన్నాయి. తేడా ఏమీ కనబడలేదు.

ఇక ఎవరూ దేన్నీ ఎంచుకోనక్కరలేదు.

గౌసియా మేడం అంకె చూసి సంతకం పెట్టింది. "నువ్వు మొన్ననే వచ్చింటే బాగుండు పిల్లా" అంది. అమ్మకు చెప్పాను. అమ్మ ఆ రోజు సంగటి ముద్ద నాకు పెద్దది పెట్టింది.

రోజు 80

మార్చే ముందు ఇంటివాళ్ల చేత అనుమతి కాగితం మీద వేలిముద్ర వేయించాలి. చాలామందికి చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపిస్తాను. "కదలిక లేని భాగములు కుదించబడును. అసలు ఫైలు మూడవ దినమున తుడిచివేయబడును."

"అంటే ఏంది పాపా?" అని అడిగింది తిమ్మక్క పెద్దమ్మ.

"గోడలు, గిన్నెలు పెద్దమ్మా. వాటికి ఊరికే జాగా ఎందుకు?"

"అంతే గదా" అని వేలు ముంచి ముద్ర వేసింది.

ఆ తర్వాత అందరికీ ఇదే చెప్పాను. గోడలు, గిన్నెలు. త్వరగా అర్థమవుతోంది. ఇవాళ పది ఇళ్లు.

రోజు 96

ఇప్పటికి నూట డెబ్బై ఇళ్లు. చల్లగది పంతొమ్మిదిన్నర.

నిలుపు వీడియోలు అన్నిటికన్నా త్వరగా మారుతున్నాయి. ఒక్కొక్కటి రెండు జీబీ ఉండేది, తొమ్మిది ఎంబీకి వస్తోంది. నా పనిలో ఇంతకన్నా మంచి అంకె లేదు.

నిలుపు తీయించుకోని ఇల్లు మా అంతస్తులో లేదు. అరవై దాటిన ప్రతివాళ్లూ మా పని గదికే వచ్చి, కెమెరా ముందు కుర్చీలో ఇరవై నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటారు. పైన ఎండకు తాళలేక మనవాళ్లు ఈ నాపరాయి గనుల్లోకి దిగిన మొదటి ఏళ్లలో ఇక్కడ వెలుతురు సరిపోయేది కాదట. కదిలితే ముఖం అలుక్కుపోతుందని బిగదీసుకుని కూర్చునేవాళ్లట. ఇప్పుడు దీపాలు బాగానే ఉన్నాయి. అయినా అలాగే కూర్చుంటారు. కదిలితే మర్యాద కాదు.

ఆ మనిషి పోయాక, ఏటా పోయిన రోజున, అంటే దినం నాడు, ఇంటివాళ్లు ఆ నిలుపు వేస్తారు. తెర ముందు విస్తరి వడ్డిస్తారు. తెర మీది మనిషి రెప్ప వేయగానే ముట్టినట్టు. అప్పుడు అందరూ తింటారు. పైన ఉన్నప్పుడు కాకి వచ్చి ముట్టేదాకా ఆగేవాళ్లమని ముసలివాళ్లు చెబుతారు. ఇక్కడ కాకులు లేవు. రెప్ప అయితే ఎంతసేపు? వడ్డించి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే వేస్తారు. పిల్లలు "ఏసె! ఏసె!" అని అరుస్తూ విస్తళ్ల మీద పడతారు. ఆరో వరసలో ఒక తాత మాత్రం పంతానికి నిమిషంన్నర రెప్ప వేయకుండా కూర్చున్నాడట. మనవళ్లు ఇప్పటికీ ఆయన దినం రోజున ముందే కడుపునిండా తిని కూర్చుంటారు.

మార్చిన నిలుపుల్లో ఒక్కటి కూడా నేను పూర్తిగా చూడలేదు. ఇరవై నిమిషాలు ఒక మనిషి కూర్చుని ఉంటుంది, అంతే కదా. ఫైలు తెరుచుకుంటోందో లేదో చూసి మూసేశాను.

రోజు 103

మధ్యాహ్నం కంబగిరి అన్న వచ్చాడు. ఇవాళ వాళ్ల అవ్వ, అంటే తిమ్మక్క పెద్దమ్మకు అత్త, సుంకమ్మవ్వ దినం.

"తెర చెడిపోయిందేమో సూస్తావా పాపా? అవ్వ రెప్ప ఎయ్యలే" అన్నాడు.

వెళ్లి చూశాను. తెర బాగానే ఉంది. సుంకమ్మవ్వ నీలం చీరలో సూటిగా చూస్తోంది. విస్తరిలో సంగటి ఎండిపోయి అంచులు పగిలాయి. పిల్లలకు వేరే గదిలో ఏదో పెట్టి పడుకోబెట్టారు. తిమ్మక్క పెద్దమ్మ తెర ముందు నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూడలేదు.

"మూడుసార్లు ఏసినాం. ఇరవై నిమిషాలు మూడుసార్లు" అన్నాడు అన్న.

ఫైలు సరిచూశాను. తప్పులు సున్నా అని వచ్చింది. అదే చెప్పాను.

"ఫైలు మంచిదే మా" అన్నాడు ఆయన తల్లితో.

"నాకు తెల్సు. మిషనుది కాదు. ఆమెకే ముట్టబుద్ధి గాలే" అంది పెద్దమ్మ.

రోజు 104

పొద్దున పని గదికి రాగానే సుంకమ్మవ్వ నిలుపు తెరిచాను. మొదటి ఫ్రేమును, చివరి ఫ్రేమును తీసి ఒకదాంట్లోంచి ఒకటి తీసివేశాను. తేడా సున్నా వచ్చింది. నడుమ నుంచి వంద ఫ్రేములు తీశాను. అన్నీ సున్నాలే. సుంకమ్మవ్వ ఇరవై నిమిషాలు రెప్ప వేయలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు.

ఇంకో పది ఇళ్ల నిలుపులు తెరిచాను. అవీ అంతే.

పరిమితి ఆరు దగ్గర రెప్పపాటు కదలిక కిందికి రాదు. ఆ మనుషులందరూ కదలకుండా ఉండాలని అంత కష్టపడి కూర్చున్నారు, ప్రోగ్రాము వాళ్లను గోడలో కలిపేసింది.

చల్లగదికి వెళ్లి అసలు ఫైళ్లు అడిగాను. గడిచిన మూడు రోజుల్లో మార్చిన ఇరవై ఎనిమిది ఇళ్లవి ఇంకా తుడవలేదు. మిగిలిన డిస్కుల మీద ఇప్పుడు నీటి పంపుల లెక్కలు ఉన్నాయి. ఆ ఇరవై ఎనిమిదీ పరిమితి రెండుతో మళ్లీ మార్చాను. ఇంకా మొదలుపెట్టని నూరు ఇళ్లకు కూడా రెండే పెట్టాను. వాళ్లు ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

పోయినవి రెండు వందల పన్నెండు ఇళ్లు. ఒక్కో ఇంట్లో ఒక నిలుపు, కొన్నిట్లో మూడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. తిన్నాను. తిరిగి వచ్చాను.

ఇంటికి పోతే అమ్మ చెప్పింది. "తిమ్మక్క నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదంట. షుగరు మనిషి. 'అత్తకు నా మీద కోపం, ఆమె ముట్టేదాకా నేను ముట్టను' అంటాంది. అందర్ని కూచోబెట్టి ఒప్పుకునింది గూడానంట."

"ఏం ఒప్పుకుంది?"

"ముసలామె మంచంలో ఉన్నపుడు రేషన్లో ఆమెకని పాలపొడి ఇస్తా ఉండ్రి గదా. అది పిల్లోళ్లకు కలిపి, ముసలామెకు గంజినీళ్లు ఇచ్చినానని. రెండు నెల్లంట. కంబగిరికి అవ్వంటే పాణం. తల్లితో మాట్లాడడంల్యా."

"ఎంత చదువుకున్నా మనుషుల కడుపులో ఏముందో మిషన్లకు తెలీదు గదా" అంది అమ్మ.

రోజు 105

గౌసియా మేడంకు చెప్పాను. అంకెలు ముందు పెట్టి, వరసగా చెప్పాను.

"ఎన్ని ఇండ్లు?" అంది.

"రెండు వందల పన్నెండు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా అబ్బాజాన్‌ది గూడా అందులోనే ఉంటాది. మేము విస్తరి పెట్టం. ఊరికే సూస్తాం" అంది.

"ఉంది మేడం. తొంభై ఒకటో రోజు మార్చాను."

"సంతకం నాది. నిన్నొక్కదాన్నే అనను" అంది. తర్వాత లేచి తలుపు మూసింది. "ఇను నాగవేణీ. ఎవరికీ చెప్పొద్దు. నీకు ఎడిటింగ్ వస్తాది గదా. ఒక రెప్ప పెట్టు. తొందరగా పెట్టు. ఆరోగ్య గది నర్సు రెండుసార్లు పోయొచ్చిందంట. ఇంకో దినం తినకపోతే తిమ్మక్క పడిపోతాది. నీ నిజం ఆమెకు అన్నం పెట్టదు. రెప్ప పెడ్తాది."

ఆమె చెప్పిన దాంట్లో తప్పు దొరకలేదు.

వెళ్లేటప్పుడు, "నువ్వు రోజూ రాసే ఆ డైరీలో నిన్నటి పేజీ చింపెయ్" అంది.

చింపలేదు. ఎందుకో రాయాలనుకున్నాను, కానీ కారణం దొరకలేదు.

రోజు 106

సుంకమ్మవ్వ రెప్ప వేసిన ఫ్రేము ఎక్కడైనా మిగిలిందేమోనని వాళ్లింటి వీడియోలన్నీ వెతికాను. పెళ్లిలో ఆమె రెండో వరసలో ఉంది, ముఖం గోరంత. పనికిరాదు.

కెమెరా ముందు నేనే కూర్చున్నాను. రెప్ప వేశాను. తొమ్మిది ఫ్రేములు వచ్చాయి. నా రెప్పలు కత్తిరించి, ముడతలు దిద్ది, రంగు తగ్గించి, సుంకమ్మవ్వ కళ్ల మీద అతికించాను. నలభయ్యో సెకను దగ్గర ఒకటి, తర్వాత వరసగా ఇంకొన్ని. ఫైలు మూడు వందల కేబీ పెరిగింది. వేసి చూశాను. చాలా బాగా కుదిరింది. తెర మీద ఆమె బతికి ఉన్నట్టే ఉంది.

పగటి దీపాలు ఇంకా తగ్గించకముందే పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. "ఫైలు బాగుచేశాను, మళ్లీ వేసి చూడండి" అని మాత్రం అన్నాను. కంబగిరి అన్న కొత్తగా విస్తరి వడ్డించాడు. సంగటి, పుట్టగొడుగుల కూర, చిటికెడు ఉప్పు. తల్లి వైపు చూడకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దమ్మ పెదాలు పగిలి ఉన్నాయి. గోడకు ఆనుకుని కూర్చుంది.

నలభయ్యో సెకను వచ్చింది.

"ఏసె! మా, అవ్వ ఏసె!" అని అరిచాడు కంబగిరి అన్న. మూడు రోజుల తర్వాత తల్లితో ఆడిన మొదటి మాట అది.

పెద్దమ్మ విస్తరి వైపు చెయ్యి చాపలేదు. "మళ్లీ ఎయ్యి" అంది.

వేశాను. మళ్లీ వేయమంది. మూడోసారి మోకాళ్ల మీద పాక్కుంటూ తెర దగ్గరికి వెళ్లి చూసింది.

"ఇది మా అత్తది గాదు" అంది.

"అదేంది మా, అవ్వే గదా" అన్నాడు అన్న.

"ఆమె కుడి కన్ను నిండా మూసుకోదు రా. గనిలో రాయి పెచ్చు తగిలింది. నేను కోడలిగా వచ్చినప్పట్నుంచి ముప్పై ఏండ్లు ఆ కంట్లో మందు ఏసింది నేను. నిద్దర్లో గూడా సగం తెరుచుకునే ఉంటాది." నా వైపు తిరిగింది. "ఎవరిది పాపా ఈ రెప్ప?"

"నాది" అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. పరిమితి ఆరు గురించి. గోడలు, గిన్నెలు అని నేను చెప్పిన మాట గురించి. డిస్కుల మీద ఇప్పుడు పంపుల లెక్కలున్నాయని, తిరిగి తేవడం కుదరదని. పని గదిలో మాట్లాడినట్టే మాట్లాడుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. గొంతు మార్చుకోవడం చేతకాలేదు.

కంబగిరి అన్న లేచాడు. "మూడు దినాలు! మా అమ్మ మూడు దినాలు పస్తు! వచ్చి ఫైలు మంచిదే అంటివి గదా నువ్వు! సదువుకున్నావని నమ్మి ఏలిముద్రలు ఏసినాం గదే!"

"అవునన్నా" అన్నాను.

"అవునన్నా అంటాంది సూడు! ఏడుపన్నా రాదా నీకు?"

"కూర్చోరా" అంది పెద్దమ్మ. ఆమె నన్నే చూస్తోంది. "అయితే మా అత్త రెప్ప ఏసిందా?"

"వేసే ఉంటుంది పెద్దమ్మా. ఇరవై నిమిషాల్లో వందలసార్లు వేసి ఉంటుంది. నేనే తీసేశాను."

"ముట్టనని అనలే."

"అనలేదు."

ఆమె తల ఊపింది. "మరి నేను చెప్పుకునింది?" అంది.

నాకు అర్థమైంది. కంబగిరి అన్నకూ అర్థమైంది. పాలపొడి మాట. సుంకమ్మవ్వ అడగలేదు. ఎవరూ అడగలేదు. నేను అంకె మార్చకపోయి ఉంటే ఆ మాట ఆమెతోనే పోయేది. అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

"చెప్పింది నిజమేలే. యాభై నాలుగు దినాలు గంజినీళ్లే పోసినా. నువ్వు తీసేసింది రెప్పనే, అది చేసింది నేనే" అంది పెద్దమ్మ.

ఆమె గొంతు ఆరిపోయింది. నేను నీళ్లు అందించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత విస్తరిని రెండు చేతులతో పట్టుకుని, తెర ముందు నుంచి నా ముందుకు జరిపింది.

"తిను."

"పెద్దమ్మా, నేను..."

"నీ మీద నాకు కోపం పోలేదు. పోదు గూడా ఇప్పట్లో. కాకి లేదు, రెప్ప గూడా లేకుండా చేస్తివి. ముట్టేదానికి ఎవరో ఒకరు ఉండాల గదా. తీసింది నువ్వే. ముట్టు."

కంబగిరి అన్న వైపు చూశాను. ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడు.

సంగటి తుంచి కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాను. పెద్దమ్మ నా నోటి వైపే చూస్తోంది, ఇందాక తెరను చూసినట్టు. నమిలి మింగాను.

"ముట్టింది" అంది ఆమె. ఎవరితో అందో తెలియదు.

అప్పుడు తన ముద్ద తుంచుకుంది. సగం ఒళ్లో పడింది. కంబగిరి అన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తల్లితో మాట్లాడలేదు. నీళ్ల చెంబు మాత్రం ఆమె చేతికి అందేలా జరిపాడు.

నేను లేవబోతుంటే పెద్దమ్మ అడిగింది. "ఇట్లాంటివి ఇంగా ఎన్ని ఇండ్లు?"

"రెండు వందల పదకొండు."

"దగ్గర్లో ఎవరిది దినం?"

నాకు జాబితా కంఠస్థమే. "రేపు రెండిళ్లు. నాలుగో వరసలో ఒకటి, తొమ్మిదిలో ఒకటి."

ఆమె నోట్లోది మింగి, నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది.

"వాళ్లు వడ్డించకముందే పోయి చెప్పు. పొద్దున ఏమీ తినకుండా పో" అంది.